‘శబ్దం గమనించలేదు’: కారు నచ్చిన కస్టమర్ బ్రాండ్‌ను ఎందుకు వదిలేశారు

కార్ల డీలర్‌షిప్‌లలో సర్వీస్ విభాగాల పనితీరును పరిశీలించి సలహాలివ్వడం నా వృత్తి. ఇక్కడ రాస్తున్న కేసు ఒకే బ్రాండ్ కార్లు అమ్మే ఒక డీలర్‌షిప్‌ది. యజమాని నన్ను పిలిపించినప్పుడు ఆయన దగ్గర ఫిర్యాదులేవీ లేవు. ఆయన్ని వేధిస్తున్నది ఒక చిక్కుముడి. కస్టమర్లకు కంపెనీ పంపే సర్వేల్లో ఆయన షోరూమ్‌కూ వర్క్‌షాప్‌కూ మంచి మార్కులే వస్తున్నాయి. అయినా వారంటీ ముగిసిన కార్లు వర్క్‌షాప్‌కు రావడం తగ్గిపోతోంది, పాత కస్టమర్లు రెండో కారు కొనే వేళకు మరో బ్రాండ్ షోరూమ్‌లో తేలుతున్నారు. “కారులో లోపం ఉంటే కంపెనీ చూసుకోవాలి, మా దగ్గర లోపం ఉంటే సర్వేలో బయటపడాలి, రెండు చోట్లా ఏమీ కనిపించడం లేదు, మరి వీళ్లంతా ఎందుకు వెళ్లిపోతున్నట్టు?” అని ఆయన అడిగారు.

సర్వే ఫలితాలు చూపిస్తానని ఆయన అంటే, వాటిని తరవాత చూస్తానని చెప్పి, రావడం మానేసిన కస్టమర్ల పాత జాబ్ కార్డులు తీయించమన్నాను. జాబ్ కార్డు మీద ఎవరూ అభిప్రాయాలు రాయరు కాబట్టి నాకు దాని మీద నమ్మకం ఎక్కువ. కారు ఎప్పుడు వచ్చింది, ఓనర్ ఏం చెప్పారు, మెకానిక్ ఏం చేశాడు, ఏ పార్టు మారింది, ఎప్పుడు గేట్ పాస్ ఇచ్చారు అన్నవి మాత్రమే అందులో ఉంటాయి. వాటిని వరసగా చదివితే ఒక కారుకూ దాని వర్క్‌షాప్‌కూ మధ్య నడిచిన సంబంధం మొత్తం కళ్లకు కడుతుంది. అలా చదివిన ఫైళ్లలో ఒకటి ఈ కేసుకు కేంద్రం.

ఆ కారు ఓనర్ నెమ్మదస్తుడు, లెక్క ప్రకారం నడుచుకునే మనిషి. సర్వీసు తేదీ దాటనిచ్చేవారు కాదు. కొన్న రెండేళ్ల తరవాత, స్పీడ్ బ్రేకర్ నెమ్మదిగా దాటుతున్నప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర ‘టక్ టక్’ మని శబ్దం వస్తోందని ఆయన చెప్పారు. సర్వీస్ అడ్వైజర్ అది రాసుకున్నాడు. సాయంత్రం కారు తిరిగి ఇచ్చినప్పుడు కార్డు మీద ఉన్న మాట: ‘చెక్ చేశాం, శబ్దం గమనించలేదు’. నాలుగు నెలల తరవాత మళ్లీ వచ్చారు, అదే ఫిర్యాదు. ఈసారి ‘సస్పెన్షన్ బోల్టులు బిగించి, బుష్‌లకు గ్రీజు పెట్టాం’ అని రాశారు. మూడోసారి వచ్చినప్పుడు చేయి తిరిగిన ఒక మెకానిక్ చేతిలో కారు పడింది. ఎడమ వైపు స్టెబిలైజర్ లింక్ అరిగిపోయిందని అతను పది నిమిషాల్లో పట్టేశాడు. అయితే అప్పటికి కారు వారంటీ కిలోమీటర్ల పరిమితి దాటిపోయింది. పార్టుకూ లేబర్‌కూ బిల్లు వేశారు. ఆయన వాదించకుండా కట్టేసి కారు తీసుకెళ్లారు. ఆ తరవాత ఆ కారు పేరు మీద మరో జాబ్ కార్డు లేదు.

మొదటి కార్డును నేను మళ్లీ తీసి చూశాను. కారు లోపలికి వచ్చినప్పుడు ఓడోమీటర్ రీడింగ్ ఒక గడిలో, బయటికి వెళ్లేటప్పటి రీడింగ్ మరో గడిలో రాసి ఉన్నాయి. రెండు అంకెలూ ఒక్కటే. స్పీడ్ బ్రేకర్ మీద శబ్దం వస్తోందని చెప్పిన కారును రోడ్డు మీదికి తీసుకెళ్లి, రెండు మూడు గతుకులు దాటించి తిరిగొచ్చినా కనీసం ఒక కిలోమీటరు మారుతుంది. అంటే ఆ శబ్దాన్ని వినడానికి ఆ రోజు ఎవరూ కారు నడపలేదు. ‘గమనించలేదు’ అన్న మాట అక్షరాలా నిజం.

స్టెబిలైజర్ లింక్ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే కేసు మలుపంతా దాని మీదే ఉంది. అది రెండు చివర్లా చిన్న బాల్ జాయింట్లున్న పొట్టి కడ్డీ. మలుపుల్లో కారు ఒక పక్కకు ఒరగకుండా ఆపే బార్‌ను సస్పెన్షన్‌తో కలుపుతుంది. ఆ బాల్ జాయింట్ అరిగితే, ఒక చక్రం లేచి మరో చక్రం లేవని చోట, అంటే గతుకుల్లో, నెమ్మదిగా వెళ్లేటప్పుడు, చప్పుడు చేస్తుంది. కారును లిఫ్ట్ మీద ఎత్తినప్పుడు చక్రాలు రెండూ ఒకేలా కిందికి వేలాడతాయి, లింక్ బిగుతుగా లాగి పట్టినట్టు ఉంటుంది, చేత్తో కదిపినా లూజు తెలియకపోవచ్చు. నున్నటి వర్క్‌షాప్ నేల మీద నడిపినా శబ్దం రాదు. కాబట్టి లిఫ్ట్ ఎక్కించి చూసి ‘ఏమీ లేదు’ అన్న మెకానిక్ అబద్ధం ఆడలేదు, వెతకాల్సిన చోట వెతకలేదు, అంతే. ఓనర్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని “ఎక్కడ వస్తోందో చూపించండి” అని అడిగి ఉంటే మొదటి రోజే దొరికేది.

మరి ఎందుకు అడగలేదు? బద్ధకం అని యజమాని అన్నారు. నేను ఒప్పుకోలేదు. చాలా వర్క్‌షాప్‌లలో మెకానిక్‌కు పనిని బట్టి ముందే నిర్ణయించిన సమయం ప్రకారం లెక్క కడతారు. బ్రేక్ ప్యాడ్లు మార్చడానికి ఇంత సమయం, క్లచ్ మార్చడానికి ఇంత సమయం అని పట్టికలో ఉంటుంది. శబ్దం వెతకడానికి ఉండదు, ఉన్నా నామమాత్రం. గంటసేపు తిరిగి కారణం పట్టుకున్నవాడికి దక్కేది ఆ చిన్న లింక్ మార్చిన లేబర్ మాత్రమే. పైగా వారంటీ పనికి డబ్బు రావాల్సింది కంపెనీ నుంచి. కస్టమర్ కట్టే రేటు కంటే ఆ రేటు తక్కువగా ఉండటం ఈ రంగంలో పాత తగాదా. అటు సర్వీస్ అడ్వైజర్ ఇన్సెంటివ్ అతను రాసిన బిల్లు మొత్తం మీద ఆధారపడుతుంది. ఇన్ని చక్రాలు ఒకే దిక్కుకు తిరుగుతున్నప్పుడు, ‘టక్ టక్’ శబ్దం గురించి చెప్పే కస్టమర్ అక్కడ ఎవరికీ లాభసాటి మనిషి కాడు. ఎవరూ ఆయన్ని అవమానించలేదు, అందరూ నవ్వుతూనే మాట్లాడారు, టీ కూడా ఇచ్చారు. ఆయన మాటను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఆయనకు నేనే ఫోన్ చేశాను. ఎవరి తరఫున చేస్తున్నానో ముందే చెప్పాను. కాసేపు మొహమాటపడి, తరవాత అన్నారు: “కారుకు వంక పెట్టలేనండి, ఇప్పటికీ బాగానే నడుస్తోంది. కానీ ఆ శబ్దం నా చెవులకే వినిపిస్తున్నట్టు మాట్లాడారు. చివరికి వాళ్లే దొరకబుచ్చుకున్నారు కదా, ‘మీరు చెప్పింది నిజమే సార్’ అని ఒక్కరైనా అంటారేమో అనుకున్నా. బిల్లు ఇచ్చారు.” ఆ మాటల్లో రెండు వేర్వేరు నష్టాలున్నాయి. బిల్లు చిన్నది, దాన్ని ఆయన మరిచిపోయేవారే. తనను నమ్మలేదన్నది పెద్దది. ఏడాదిన్నర తరవాత ఇంట్లో రెండో కారు అవసరమైతే ఆయన ఈ షోరూమ్‌లో అడుగు పెట్టకుండానే మరో బ్రాండ్ కొన్నారు. పాత కారు బ్రాండ్‌కే మరో డీలర్ కూడా అందుబాటులో ఉన్నాడు కదా అని అడిగితే, “ఎక్కడైనా ఆ కంపెనీ వాళ్లే కదండీ” అన్నారు.

డీలర్ల సమావేశాల్లో పదే పదే చెప్పాల్సిన మాట అది. వ్యాపార పత్రాల ప్రకారం డీలర్ వేరు, తయారీ కంపెనీ వేరు. కంపెనీ కారును డీలర్‌కు అమ్ముతుంది, డీలర్ కస్టమర్‌కు అమ్ముతాడు. కానీ కారు కొన్నవారు ఫ్యాక్టరీ మనుషుల్ని ఏనాడూ చూడరు. బ్రాండ్ అంటే వారికి తెలిసిన ముఖం కౌంటర్ వెనక కూర్చున్న సర్వీస్ అడ్వైజర్‌దే. అతని నిర్లక్ష్యం మొత్తం బ్రాండ్ ఖాతాలో పడుతుంది. అతని మంచితనం మాత్రం, ఇదే పెద్ద చిక్కు, చాలాసార్లు అతని సొంత ఖాతాలోకే పోతుంది. ఇదే డీలర్‌షిప్‌లోని మరో ఫైలు అందుకు సాక్ష్యం.

ఆ రెండో కారుకు నిజంగా పెద్ద లోపమే వచ్చింది. రేడియేటర్ ఫ్యాన్ పనిచేయక ఇంజన్ వేడెక్కి, కుటుంబమంతా ప్రయాణంలో ఉండగా రోడ్డు పక్కన ఆగిపోయింది. పార్టు రావడానికి రోజులు పట్టింది. సాధారణంగా ఇలాంటి ఫైలు గొడవతో ముగుస్తుంది. కానీ ఆ కారును చూసిన అడ్వైజర్ మొదటి రోజే ఓనర్‌కు “ఉదయం పదకొండుకీ సాయంత్రం నాలుగుకీ నేనే ఫోన్ చేస్తాను, మీరు చేయనక్కర్లేదు” అని చెప్పాడు. చెప్పినట్టే చేశాడు. కార్డు వెనక పెన్సిల్‌తో ఆ కాల్స్ గుర్తులు పెట్టుకున్నాడు. వాటిలో సగం ‘ఈ రోజు కొత్త విషయం ఏమీ లేదు’ అని చెప్పడానికి చేసినవే. పాత ఫ్యాన్ మోటారును ట్రేలో పెట్టి చూపించాడు, ఎందుకు పాడైందో చెప్పాడు. ఆ కుటుంబం తరవాతి కారు కూడా ఇక్కడే కొన్నది. పెద్ద లోపం లేని కారు కొన్నవారు వెళ్లిపోయారు, రోడ్డు మీద నిలిపేసిన కారు కొన్నవారు ఉండిపోయారు. తప్పును బాగా సరిదిద్దుకున్న చోట, తప్పే జరగని చోటికంటే నమ్మకం ఎక్కువగా ఏర్పడవచ్చని మార్కెటింగ్ పరిశోధకులు 1990ల నుంచీ చర్చిస్తున్నారు. అది ప్రతిసారీ జరగదు, రెండోసారి అదే తప్పు జరిగితే అసలే జరగదు. దీన్ని సూత్రంగా చేసుకుని తప్పులకు తెగించడం మూర్ఖత్వం.

అయితే కథ అక్కడ ఆగలేదు. ఆ అడ్వైజర్ కొన్నాళ్లకు మరో బ్రాండ్ డీలర్ దగ్గర చేరాడు. ఆ కుటుంబం మూడో కారు ఆ బ్రాండ్‌దే. యజమాని ఆ సంగతి నా నోట వినేదాకా ఆయనకు తెలియదు. ఇన్నేళ్లూ ఆయన తన బ్రాండ్ విధేయత అని లెక్కవేసుకున్న దానిలో కొంత, నెల జీతం మీద పనిచేసిన ఒక కుర్రవాడి విధేయత.

మరి సర్వేలు ఏం చెప్పాయి? ఇక్కడే నాకు కొంచెం కోపం వచ్చింది, దాచుకోను. మొదటి ఫైలులోని ఓనర్ ఇచ్చిన ఆఖరి సర్వే మార్కు పదికి పది. ఎందుకిచ్చారని అడిగితే, “గేటు దగ్గర ఆ అబ్బాయి ‘సార్, తొమ్మిది ఇచ్చినా నాకు ఇన్సెంటివ్ పోతుంది’ అన్నాడండి, పిల్లవాడి పొట్ట కొట్టడమెందుకు” అన్నారు. ‘మమ్మల్ని ఇతరులకు సిఫార్సు చేస్తారా’ అని సున్నా నుంచి పది దాకా అడిగే పద్ధతిని వ్యాపార సలహాదారు ఫ్రెడ్ రైక్‌హెల్డ్ 2003లో ప్రచారంలోకి తెచ్చారు. అందులో తొమ్మిది, పది ఇచ్చినవారు మాత్రమే మెచ్చుకునేవారు, ఆరు, అంతకన్నా తక్కువ ఇచ్చినవారు అసంతృప్తులు. కస్టమర్ మనసు తెలుసుకోవడానికి పుట్టిన ఆ ప్రశ్నను జీతాలకూ, డీలర్‌కు కంపెనీ ఇచ్చే బోనస్‌కూ ముడిపెట్టిన రోజు నుంచి అది అర్జీగా మారిపోయింది. ఈ వర్క్‌షాప్ క్యాష్ కౌంటర్ మీద ఒక అట్ట కూడా ఉండేది, ‘10 ఇవ్వండి, మా కుటుంబాన్ని ఆశీర్వదించండి’ అని. జ్వరం చూడమని చేతికిచ్చిన థర్మామీటర్‌ను చన్నీళ్లలో ముంచి చూపించినట్టు ఉంది వ్యవహారం.

మార్పులు సూచించే ముందు యజమానికి రెండు పాత ఉదాహరణలు చెప్పాను. టొయోటా వారి ఖరీదైన కార్ల బ్రాండ్ లెక్సస్ 1989లో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే, వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన కొద్దిపాటి ఫిర్యాదుల ఆధారంగా, అప్పటిదాకా అమ్మిన సుమారు 8,000 ఎల్ఎస్ 400 కార్లను వెనక్కి పిలిచింది. కొత్త బ్రాండ్‌కు అది చావుదెబ్బ కావాల్సింది. కానీ డీలర్లు ఓనర్ల ఇళ్ల దగ్గరికే వెళ్లి కార్లు తెచ్చుకుని, బాగుచేసి, కడిగి తిరిగి అప్పగించారు. పని మూడు వారాలలోపే ముగిసింది. ఆ బ్రాండ్ పేరు నిలబడటానికి అదే పునాది అయిందని ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో ఉదాహరణ శాటర్న్. జనరల్ మోటార్స్ 1985లో ప్రకటించి, 1990 నుంచి కార్లు అమ్మిన ఈ బ్రాండ్ షోరూమ్‌లలో బేరాలు ఉండేవి కావు, అందరికీ ఒకటే ధర, ఒత్తిడి లేని అమ్మకం. 1994లో టెనెసీలోని స్ప్రింగ్ హిల్ ఫ్యాక్టరీ దగ్గర జరిపిన ఓనర్ల పండుగకు వేలాది మంది తమ కార్లు నడుపుకుంటూ వెళ్లారు. అంత అభిమానం ఉన్నా, కొత్త మోడళ్ల మీద ఏళ్ల తరబడి తగినంత పెట్టుబడి పెట్టకపోవడంతో అమ్మకాలు నీరసించాయి, 2010లో బ్రాండ్ మూతపడింది. డీలర్ మంచితనం కారుకు ప్రత్యామ్నాయం కాదని కూడా యజమాని తెలుసుకోవాలని రెండోది చెప్పాను. మొదటిది ఆయనకు నచ్చింది, రెండోది విని ఊరుకున్నారు.

మేం చేసిన మార్పుల్లో అన్నిటికన్నా చిన్నదే అన్నిటికన్నా బాగా పనిచేసింది. శబ్దం, వణుకు, ఒక పక్కకు లాగడం వంటి ఫిర్యాదు రాసినప్పుడు ఓనర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్ టెస్ట్ చేయాలి, లోపలి రీడింగ్, బయటి రీడింగ్ ఒకటే అయితే ఆ కార్డుకు గేట్ పాస్ ఇవ్వకూడదు అని నియమం పెట్టాం. ఆ వెతికే సమయానికి మెకానిక్‌కు వర్క్‌షాప్ తన జేబులోంచి లెక్క కట్టాలని యజమానిని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. మార్చిన పాత పార్టును ట్రేలో పెట్టి చూపించడం, ఎస్టిమేట్ మించేటప్పుడు పని మొదలుపెట్టే ముందే ఫోన్ చేయడం పాత సంగతులే, నియమంగా గోడ మీద ఉన్నాయి కూడా, పాటించేవారే లేరు. వారంటీ ముగియడానికి నెల ముందు, ఆ కారు మీద తేలకుండా మిగిలిన ఫిర్యాదులన్నీ తిరగదోడి ఓనర్‌ను పిలవడం మాత్రం కొత్తది. వారంటీలో ఉండగా రాసుకున్న ఫిర్యాదు తరవాత బయటపడితే, ఆ ఖర్చును కంపెనీ గుడ్‌విల్ కింద, అంటే వారంటీ ముగిసినా సద్భావంతో, భరించమని కోరే వీలు చాలా బ్రాండ్లలో ఉంటుంది. మొదటి ఫైలులో అలా కోరలేదు, ఎందుకంటే కాగితాల పని ఎక్కువ. ఇక ప్రతి కారుకూ ఇద్దరు అడ్వైజర్ల పేర్లు రాశాం, ఒకరు వెళ్లిపోయినా కస్టమర్‌కు తెలిసిన ముఖం ఒకటి మిగలాలని.

సర్వే మార్కుల కోసం బతిమాలడం ఆపించాను, అట్ట తీయించాను. వెంటనే మార్కులు పడిపోయాయి. కంపెనీ ఏరియా మేనేజర్ ఫోన్ చేశారు. యజమాని నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆ రోజుల్లో ఈ పని ఆగిపోయేదే. అయితే మార్కులతో పాటు, సర్వేలో అభిప్రాయం రాయడానికి వదిలిన ఖాళీ పెట్టెలో మొదటిసారి మాటలు కూడా రావడం మొదలైంది. ‘నాలుగింటికి ఇస్తామని ఆరున్నరకు ఇచ్చారు’, ‘ఏసీ వాసన గురించి చెప్పాను, ఎవరూ రాసుకోలేదు’ వంటివి. వాటిని ఒక్కొక్కటీ పట్టుకుని ఫోన్లు చేయగలిగాం. కోపంగా రాసినవారిలో తిరిగి వచ్చినవారున్నారు. పది వేసి మౌనంగా వెళ్లినవారిని వెతుక్కోవడమే కష్టమైంది.

విఫలమైనవీ ఉన్నాయి. పార్టు అరుగుదలను మెకానిక్ ఫోన్‌తో వీడియో తీసి పంపాలన్న ఆలోచన రెండు నెలలకే మూలపడింది. నూనె చేతులతో ఫోన్ పట్టుకోవడం వారికి చికాకు, పైగా తమ మీద నిఘా పెట్టినట్టు భావించారు. రెండో ఫైలులోని అడ్వైజర్‌లా సాయంత్రం నాలుగుకు ఓనర్‌కు చేయాల్సిన ఫోను రద్దీ రోజుల్లో ఇప్పటికీ తప్పుతోంది. షోరూమ్ వైపు నేను దాదాపు ఏమీ మార్చలేదు. రిబ్బను, పూలగుత్తి, తాళంచెవితో ఫొటో ఉన్న డెలివరీ వేడుక మీద యజమానికి మమకారం ఎక్కువ, దానివల్ల నష్టమూ లేదు. డెలివరీ రోజున సేల్స్ ఎగ్జిక్యూటివ్ కొత్త ఓనర్‌ను వర్క్‌షాప్‌కు నడిపించుకెళ్లి, ఆ కారును చూడబోయే ఇద్దరినీ పరిచయం చేయాలని మాత్రం అడిగాను. అదీ హడావుడి ఉన్న రోజు జరగదు.

ఫలితం గురించి ఎక్కువ చెప్పను. కారు మళ్లీ కొనడం ఏళ్లకోసారి జరిగే పని, ఏడాదిన్నర సలహాతో దాని మీద లెక్కలు చూపించేవారిని నేనే నమ్మను. వారంటీ ముగిసిన కార్లు మళ్లీ గేటు దగ్గర కనిపిస్తున్నాయి అన్నంత వరకు నా కళ్లతో చూశాను.

నా పని ముగిసే ముందు యజమాని మొదటి ఫైలు తెప్పించుకున్నారు. ఆ లింక్‌కు వేసిన బిల్లు మొత్తం వాపసు ఇస్తానన్నారు. ఆలస్యమైనా తప్పు కాదన్నాను. ఆయనే స్వయంగా ఫోన్ చేసి, మొదటి రోజు కారు నడిపి చూడలేదని ఒప్పుకుని, క్షమించమని అడిగారు. ఆ ఓనర్ మర్యాదగా విన్నారు, డబ్బు తీసుకున్నారు, “ఫోన్ చేసినందుకు సంతోషమండి” అన్నారు. పాత కారును తెచ్చి ఒకసారి ఉచితంగా చెక్ చేయించుకోమంటే, దాన్ని ఇప్పుడు చూస్తున్న మెకానిక్ బాగానే చూస్తున్నాడని చెప్పారు.